గుర్రం కడుపు కింది బుడిపె

నగల మీద నాకు పెద్దగా మోజు లేదు కానీ, బంగారు నాణెం కనిపిస్తే చేతిలోకి తీసుకోకుండా ఉండలేను. జనగామలో ఉంటాను. రోజూ పొద్దున్నే రైలెక్కి వెళ్లి, ఒక ఊరి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి సాయంత్రానికి ఇల్లు చేరతాను. జీతంలో ఏమైనా మిగిలిన ఏడాది ఒక నాణెం కొనుక్కుంటాను, మిగలకపోతే లేదు. కొన్నవి కొన్నే అయినా వాటి గురించి చదివింది మాత్రం చాలా ఎక్కువ. ఒక నాణేనికి రెండు ధరలుంటాయని తెలిసిన రోజు నుంచి మొదలైంది నా పిచ్చి. కరిగిస్తే వచ్చే ధర ఒకటి, నాణెంగా పలికే ధర ఇంకొకటి. ఏ ఏడాది ముద్రించారు, ఏ టంకశాలలో, ఎన్ని ముద్రించారు, ఎవరైనా మెరుపు కోసం తోమారా, మెడలో వేసుకోవడానికి కొండి అతికించారా, వీటన్నిటి మీదా ఆ రెండో ధర ఆధారపడి ఉంటుంది. ఇదంతా స్టాఫ్‌రూములో చెప్పీ చెప్పీ, బడిలో నాకు నాణేల మేడమని పేరొచ్చింది. ఆ పేరంటే నాకు లోలోపల చాలా ఇష్టంగా ఉండేది.

మా బడిలో లెక్కలు చెప్పే టీచరు నాకంటే బాగా చిన్నది. వాళ్లది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. జనగామలో మా వీధిలోనే అద్దెకుంటుంది కాబట్టి రైల్లో రానూ పోనూ ఇద్దరం కలిసే. నన్ను అక్కా అంటుంది. పండగ వస్తే మా ఇంటి నుంచి వాళ్లింటికీ, వాళ్లింటి నుంచి మా ఇంటికీ గిన్నెలు నడిచేవి.

పోయిన ఎండాకాలం సెలవులకు ముందు ఆమె ఒక చిన్న డబ్బీ తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల ఒక సవరన్, ఇంగ్లండు బంగారు నాణెం. ఒక వైపు రాణి ముఖం, రెండో వైపు గుర్రం మీద వీరుడు, గుర్రం కాళ్ల కింద డ్రాగన్.

"అన్న దుబాయి నుంచి వచ్చినప్పుడు ఇచ్చిండు, అక్కా. నాకొకటి, వదినెకొకటి. తండాల ఇల్లు కడ్తున్నం గద, అమ్ముదామంటుంది మా యాడి. గిది ఎంతకు పోతదో జర సూడు."

యాడి అంటే వాళ్లమ్మ. ఇంట్లో వాళ్లు మాట్లాడేది వాళ్ల భాష. ఆ అన్న దుబాయిలో చాలా ఏళ్లు కట్టడం పని చేసి తిరిగొచ్చి, ఇప్పుడు భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతున్నాడు.

"ఇక్కడ కాదు, ఇంటికి తీసుకపోయి సూస్త," అన్నాను.

"నీ దగ్గర్నే ఉండని అక్కా. నిమ్మలంగ సూడు."

ఆ ఆదివారమంతా ఆ నాణెంతోనే గడిపాను. చిన్న త్రాసులో తూచాను. బడి ల్యాబు నుంచి తెచ్చిన వెర్నియర్ కాలిపర్స్‌తో అడ్డం, మందం కొలిచాను. దారం కట్టి నీళ్లలో ముంచి సాంద్రత కూడా లెక్కగట్టాను, పిల్లలకు ఎనిమిదో తరగతిలో చెప్పే పద్ధతే. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే వచ్చాయి. భూతద్దం పెడితే గుర్రం కడుపు కింద గసగసంత బుడిపె ఒకటి కనిపించింది. ముద్ర వేసేటప్పుడు పడిన లోపం అనుకున్నాను. అలాంటి లోపమున్న నాణేలను కొందరు సేకర్తలు ఎక్కువ పెట్టి కొంటారని చదివి ఉన్నాను కాబట్టి ఇంకా సంబరపడ్డాను.

"అసలైనదే, చెల్లె. గిది కరిగించే ధరకు ఎవ్వరికి ఇయ్యకు. నాణేలు కొనేటోళ్లకు సూపెట్టు. బంగారం ధర మీద ఇంకింత వస్తది," అని చెప్పి డబ్బీ తిరిగిచ్చాను.

సెలవులు మొదలవగానే ఆమె తల్లిని వెంటబెట్టుకుని మహబూబాబాద్‌లో పాత నాణేలు కొనే ఒకాయన దగ్గరికి వెళ్లింది. ఆయన అద్దం పెట్టి చూసి, "బంగారం మంచిదే గని నాణెం ఇంగ్లండుది కాదు. ఎవరో అచ్చు తీసి కొట్టింది. కరిగించే ధరైతే ఇస్త," అన్నాడట.

మర్నాడు సాయంత్రం ఆమె మా గేటు దగ్గర నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, నువ్వు సూసినప్పుడు అసలైనదే అన్నవ్ గద?"

"అసలైనదే."

"మరి ఆయన నకిలీది అంటుండు."

నేను త్రాసు గురించీ నీళ్ల గురించీ చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆమె నా ముఖం వైపు కాకుండా నా చెప్పుల వైపు చూస్తోందని గమనించాను. అప్పుడు అర్థమైంది ఆమె అడగలేకపోతున్నదేమిటో, నా దగ్గరున్నప్పుడు నాణెం మారిందా అని. నేను తప్పు చూశానని అంటే తెలివితక్కువదాన్నవుతాను. సరిగ్గా చూశానని అంటే దొంగనవుతాను. ఆలోచించుకునే వ్యవధి కూడా తీసుకోలేదు.

"నేను సరిగనే సూసిన," అన్నాను.

ఆమె తలూపి వెళ్లిపోయింది. నాణేల మేడమన్న పేరు పోతుందని అన్న మాట అది. ఆ మాటతో నా మెడకు నేనే ఉచ్చు బిగించుకున్నాను.

బడి తెరిచాక రైల్లో ఆమె వేరే పెట్టె ఎక్కడం మొదలుపెట్టింది. స్టాఫ్‌రూములో తను ఎవరో ఒక్కరికే చెప్పుకుని ఉంటుంది, నన్ను బద్నాం చేయాలని కాదు, మనసులో పెట్టుకోలేక. అది అందరికీ తెలిసిపోయింది. ఒక రోజు మధ్యాహ్నం అన్నాలు తింటుంటే ఒక సారు ఉంగరం తీసి జేబులో వేసుకుని, "మేడం పక్కన కూసున్న గద, జర పైలం," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. డబ్బా మూత పెట్టి కడుగుతున్నట్టు నల్లా దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

ఇక లాభం లేదని ఒక సెలవు రోజు చెప్పాపెట్టకుండా వాళ్ల తండాకు వెళ్లాను. సగం లేచిన గోడల మధ్య ఇసుక కుప్ప, పక్కన రేకుల పందిరి. వాళ్లమ్మ మంచం వాల్చి కూర్చోమంది, నీళ్లిచ్చింది. తర్వాత తల్లీకూతుళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో మేడం అన్న మాట ఒక్కటే వినిపించేది, అది వినిపించినప్పుడల్లా నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

చివరికి తల్లి తెలుగులోకి వచ్చింది. "నువ్వు సదువుకున్నదానివి, బిడ్డా. మాకు అసలుదేదో నకిలీదేదో ఏమెరుక? ఎరికైనోళ్లకే గద మార్చుడొస్తది."

"అవ్వా, మా ఇంటికొచ్చి ఎతుక్కోండ్రి. బీరువా తాళాలిస్త."

"గదేం మాట? మేమేమన్నమని? పెద్దోళ్ల ఇండ్లల్లకొచ్చి ఎతికెటోళ్లమా మేము?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. డబ్బీ అడిగి తీసుకుని నాణేన్ని ఎండలో పట్టి చూశాను. బుడిపె అలాగే ఉంది. నేను చూసిన నాణెం ఇదేనని నాకు తెలుసు, కానీ నా మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. అప్పుడు రెండో నాణెం గుర్తొచ్చింది.

"మీ వదినె దగ్గర ఉన్నది ఒకసారి సూస్త, చెల్లె. గంతే అడుగుత," అన్నాను.

మరుసటి ఆదివారం ఆమె డబ్బీ కూడా వెంట తెచ్చుకుంది. హన్మకొండ నుంచి భూపాలపల్లి బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. పరకాల దాటేదాకా ఆమె కిటికీ వైపే తిరిగి కూర్చుంది, ఆ తర్వాత కూడా అంతే. వాళ్లన్న బస్టాండుకు ఎదురొచ్చాడు. సంగతేమీ తెలియదు అతనికి. జనగామ మేడం నాణేలు చూస్తుందని మాత్రం చెల్లెలు ఫోన్లో చెప్పిందట. "నా బిళ్ల సూసెతందుకు గింత దూరమొచ్చినవా అక్కా," అని సంతోషంగా ఇంటికి తీసుకెళ్లాడు. వదిన టీ పెట్టింది. నల్లపూసలకు వేలాడుతున్న నాణేన్ని, చుట్టూ వేయించిన బంగారు అంచుతో సహా, మెడలోంచి తీసి కొంగుతో తుడిచి నా అరచేతిలో పెట్టింది.

డ్రాగన్ కింద ఉన్న సంవత్సరం వేరు. చెల్లెలి దాని కంటే చాలా ఏళ్ల తర్వాతిది. అద్దాన్ని గుర్రం మీదికి జరిపాను.

కడుపు కింద, సరిగ్గా అదే చోట, అదే బుడిపె.

టంకశాలలో ఒక అచ్చు అరిగితే తీసేసి కొత్తది పెడతారు. అన్నేళ్ల ఎడంతో ముద్రించిన రెండు అసలు నాణేల మీద ఒకే లోపం పడే అవకాశమే లేదు. ఎవరో ఒకే మూల అచ్చు నుంచి గుర్రాన్ని తీసి, కింద సంవత్సరం మాత్రం మారుస్తూ పోయారు. చెల్లెలి నాణెం మొదటి నుంచీ నకిలీదే. దాన్ని ఎవరూ మార్చలేదు. బరువు, సాంద్రత సరిపోవడానికి కారణం అందులో బంగారం నిజంగా ఉండటమే. నేను లోహాన్ని పరీక్షించి నాణెం బాగుందన్నాను.

గుండె మీంచి బండ దిగినట్టైంది. ముఖం నిండా నవ్వు పరచుకుంది. ఆపుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. "సూడు చెల్లె, సూడు," అంటూ రెండు నాణేలూ ఆమె ముందు పెట్టి అద్దం చేతికిచ్చి, గబగబా అంతా చెప్పేశాను.

చెప్పడం అయ్యాక తల ఎత్తితే వదిన నన్నే చూస్తోంది. మెడ మీద నల్లపూసలు ఉండే చోటికి చెయ్యి పోయి ఖాళీగా తడుముతోంది.

"మేడంకు బాగ సంతోషమైనట్టుంది," అంది.

నా నవ్వు అప్పుడు పోయింది. వాళ్లన్న మాత్రం తలెత్తలేదు. "దుబాయిల దుకాణం సేటు గిట్లనే అద్దం పెట్టి సూపెట్టిండక్కా. ఇంగ్లండుదని బంగారం మీద ఎక్కువ తీసుకున్నడు. మా రూముల ఉన్నోళ్లందరం ఆ దుకాణంలనే కొన్నం."

"బంగారం మంచిదే, తమ్మీ. గందుల మోసం లేదు," అన్నాను. ఆ మాట నాకే చాలా చిన్నగా వినిపించింది.

చెల్లెలు ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది, నా మీద అనుమానపడ్డ విషయం. అతను ఒక్కసారిగా ఆమె మీదికి లేచాడు. "అయితే నాకు ఫోన్ల సెప్పరాదా? ఇంటిదాన్ని ముంగట నిలవెట్టి నన్ను పిచ్చోన్ని చేసెతందుకు తీస్కొచ్చినవా?" అని చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. మేం బయల్దేరేదాకా రాలేదు.

వదిన నాణెం తీసుకుంది. "బంగారమైతే సాలు నాకు," అంటూ మళ్లీ మెడలో వేసుకుంది కానీ, దాన్ని రవిక లోపలికి తోసేసుకుంది.

తిరుగు బస్సులో చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "తప్పైందక్కా. అందరి ముంగట నేనే సెప్త."

"నువ్వు సెప్పకు. తప్పు సూసింది నేను. ఆ రోజు గేటు కాడ గా మాటనుంటే గింత దూరం రాకపోవు."

చెప్పొద్దన్నా స్టాఫ్‌రూములో చెప్పింది. విన్నవాళ్లు "అట్లనా" అన్నారు, అంతే. ఉంగరం సారు మాత్రం ఆ రోజు నుంచి నా వైపు చూసినప్పుడల్లా గొంతు సవరించుకుంటాడు. క్షమాపణ కావాలని నాకూ అనిపించలేదు. నన్ను తొలుస్తున్నది ఆ అవమానం కాదు. ఒక మనిషి తన భార్య ముందు మోసపోయినవాడిగా తేలుతున్న క్షణంలో నేను నవ్వాను. ఆ ఇంట్లో టీ తాగి, వాళ్ల నాణేన్ని అరచేతిలో పెట్టుకుని నవ్వాను.

చెల్లెలి నాణెం కరిగించే ధరకే పోయింది, స్లాబుకు సరిపోయింది. గృహప్రవేశానికి పిలిచారు. వెళ్లాలా వద్దా అని చాలా తర్జనభర్జన పడి వెళ్లాను. వాళ్లమ్మ గుమ్మం దాకా ఎదురొచ్చి, "రా బిడ్డా, లోపటికి రా," అని నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, అందరికంటే ముందు నాకు విస్తరి వేసింది. జొన్నరొట్టె, మాంసం కూర తనే వడ్డించి, తినేదాకా పక్కనే కూర్చుంది. ఆ ఊసు ఎత్తలేదు. వదిన పలకరించి చుట్టాల్లో కలిసిపోయింది.

వాళ్లన్న బయట లారీ కడుగుతున్నాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. కడిగిన అద్దాలే మళ్లీ కడుగుతున్నాడు. నేను వెళ్లి పలకరించాలనుకున్నాను. చెయ్యి కడుక్కుని గుమ్మం దాకా వచ్చాను కూడా. అతను నన్ను చూసి బకెట్ తీసుకుని లారీ అవతలి పక్కకు వెళ్లాడు. కాసేపు నీళ్ల చప్పుడు విని, లోపలికి తిరిగొచ్చి, ఆడవాళ్ల మధ్య చోటు చూసుకుని కూర్చున్నాను.