కొండ వెనక అరుంధతి

మేం దిగింది మే నెలలో. కాంగో తూర్పు అంచు, భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన. కాళ్లకింద నల్లటి లావారాయి. ఉత్తరాన పొగ కక్కే కొండ, చీకటి పడితే దాని మీద ఎర్రటి వెలుగు. శాంతిసేన నీలి హెల్మెట్, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ కలిసి నడుం విరిచేవి. మాది ఆదోని, నాది రేడియో డ్యూటీ. కాన్వాయ్‌లో ముందు బండి డ్రైవరుది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. పెళ్లయి నెల తిరక్కుండానే వచ్చిపడ్డాడు పాపం.

చీకటి పడగానే ఇసుక బస్తాలెక్కి ఉత్తరానికి చూసేవాడు. అక్కడ సప్తర్షులు తలకిందులుగా వేలాడేవి. పెళ్లిలో భార్యకు చూపించిన అరుంధతినే ఇద్దరూ రోజూ చూడాలని ఒప్పందం. ఆమె ఊళ్లో మిద్దెక్కేది. "మన రేడియో కంటే నయమే" అని ఎగతాళి చేసేవాణ్ని.

సెప్టెంబరులో వానలు పట్టాయి. ఆకాశంలో నైరుతిన తేలు ఆకారపు చుక్కలే మిగిలాయి. సప్తర్షులు కొండ పొగలోకి దిగిపోయాయి.

"అన్నా, అరుంధతి కనపడకపోతే ఇంక ఆరు నెలలే బతుకంట గదా? మా అవ్వ సెప్పేది."

"థూ, నోర్ముయ్యప్పా! చుక్క యాడికి పోతాది? మనమే భూమికి కింది పక్కకొచ్చినాం. ఏప్రిల్‌లో సందేళకి మళ్లా వస్తాది సూడు."

"ఏప్రిలంటే ఆరు దాటిపోతాది గదన్నా."

 

తెల్లవారుజామున కూడా లేచి చూశాడు. కొండ మీద మబ్బు వీడేది కాదు. ఫోన్లో భార్యకు మాత్రం "కనపడ్తాండాది" అనేవాడు. డిసెంబరులో తూర్పున మృగశిర చుక్కలు పక్కకు ఒరిగి లేచాయి. అతను అటు తలెత్తి కూడా చూడలేదు.

ఫిబ్రవరిలో రోడ్డు మీద కాల్పులు మొదలయ్యాయి. అతన్ని వెనక బండికి మార్చమని మా ఆఫీసర్ సాబ్‌ను అడుగుదామన్నాను.

"వద్దన్నా. నేను దిగితే ఇంకోడు ఎక్కల్ల గదా."

మర్నాడు మధ్యాహ్నం, వాన. మలుపులో అరటితోటల్లోంచి తూటాలు. రేడియో అందుకుని అరిచాను.

"ముందు బండి! చెప్పు, ముందు బండి!"

"అద్దం పగిలింది. ఏం కనపడల్యా అన్నా. ఏమీ కనపడల్యా!"

అయినా యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యలేదు. పక్కన కూర్చున్నవాడు స్టీరింగ్ పట్టుకున్నాడు. బండ్లన్నీ బయటపడ్డాయి. అద్దం పెంకులు అతని రెండు కళ్లలోనూ దిగాయి.

మార్చి దాటింది, అవ్వ చెప్పిన ఆరు నెలలూ గడిచాయి. అతని ప్రాణానికి ఢోకా లేదు, ఇంటికి పంపేశారు.

మే నెలలో ఇల్లు చేరాను. మర్నాడే ఎమ్మిగనూరు బస్సెక్కాను. సాయంత్రానికి మగ్గాలు ఆగాయి. చీకటి పడ్డాక మిద్దె మీద మంచం. నల్లద్దాలు తీసి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. భార్య వచ్చి అతని చూపుడు వేలు పట్టుకుని ఆకాశంలోకి ఎత్తింది.

"ఈడ కాదు, ఇంకొంచెం పైకి. ఆ, ఆడుండాది."

వేలు గాల్లో అలాగే నిలబెట్టాడు. ఆ వేలు నాకిప్పటికీ కళ్లముందే ఉంటుంది.

"కనపడ్తాండాది" అన్నాడు.