కొండ మీద దాచిన దగ్గు

ఏదో తేడాగా ఉందని నాకు మొదట తెలిసింది మంచులో రెండో రోజు సాయంత్రం, బూటు లేసు కట్టుకోవడానికి వంగినప్పుడు. వంగి లేచేసరికి ఎంతో దూరం నుంచి పరుగెత్తుకొచ్చినట్టు ఆయాసం. ఛాతీ మీద తడి వల మూట పెట్టినట్టు బరువు. తల పగిలిపోతోంది. పక్కనే టెంట్ దగ్గర రమణ, గిరి నూడుల్స్ తింటూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

"ఏటిరా, అలాగున్నావు?" అని రమణ అడిగాడు.

"ఏటీ లేదు. బూటు బిగుసుకుపోనాది" అన్నాను.

నా జబ్బులో మొదటి అబద్ధం అదే. తర్వాత చాలా ఆడాను. ఇది రాస్తుంటే కూడా మొహం వేడెక్కుతోంది.

మేమెవరమో ముందు చెప్పాలి. నాది భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డునున్న ఊరు. మా నాన్నకి ఇంజన్ బోటు ఉంది. నేను ఐస్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని, సెలవు దొరికితే నాన్నతో వేటకి వెళ్తాను. రమణది నరసన్నపేట పక్క ఊరు, వరి పండించే కుటుంబం. హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. గిరిది విజయనగరమే, కంప్యూటర్ ఉద్యోగం. డిగ్రీ ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చుని చదివాం. దసరా సెలవుల్లో బ్యాగులు వీపుకి తగిలించుకుని ఉత్తరాఖండ్ కొండలెక్కుదామని ఏళ్ళ తరబడి అనుకుని, చివరికి మొన్నటి దసరాకి బయల్దేరాం. ఆ ఏడాది మంచు ముందే పడిందని అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

రైలెక్కినప్పటి నుంచి నా గొప్పలు ఒకటి కాదు. "మంచు మీకు కొత్త గానీ నాకు కాదురా. రోజూ ఐసు దిమ్మల మజ్జనే కదా నా బతుకు" అన్నాను. ఇద్దరూ నవ్వారు. అంతవరకూ బాగానే ఉంది.

మొదటి క్యాంపులో రమణకి తలనొప్పి వచ్చింది. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. "ఒరే, రేపు ఇక్కడే ఉండిపోదాం. తగ్గకపోతే నాను దిగిపోతాను" అన్నాడు. అప్పుడు నేను నాకు తెలిసిన వైద్యం చెప్పాను. మా బోట్ల మీద కొత్తగా వేటకొచ్చిన ప్రతివాడూ కక్కుతాడు. కక్కినవాడి కోసం ఎవరూ బోటు వెనక్కి తిప్పరు. కక్కుతూనే వల లాగుతాడు, రెండు మూడు వేటలకి ఒళ్ళు అలవాటు పడిపోతుంది. నాకు బాగోలేదు అని ఎవడూ నోరు తెరిచి అనడు. అంటే డీజిలు దండగ, అందరి వేట దండగ. చిన్నప్పటి నుంచి అదే చూసి పెరిగాను.

"ఇది కూడా బోటెక్కినట్టేరా. కక్కేస్తే పోతాది. వరిసేలో పుట్టినోడివి, నీకేటి తెలుస్తాది?" అన్నాను. గిరి పగలబడి నవ్వాడు. రమణ నీళ్ళు తాగి పడుకున్నాడు. అదృష్టం బాగుండి తెల్లారేసరికి వాడికి తగ్గిపోయింది, మాతోపాటే పైకి నడిచాడు. దాంతో నాకు ఇంకా పొగరెక్కింది. అలాంటి మాటలన్నవాణ్ణి, మర్నాడు సాయంత్రమే నాకు ఆయాసం వస్తే ఏ నోరు పెట్టుకుని చెప్పను?

మా గైడు జాగ్రత్తగలవాడే. రోజూ సాయంత్రం అందరి వేలికీ పల్స్ ఆక్సీమీటర్ పెట్టి, "తలనొప్పి ఉందా? దగ్గు ఉందా?" అని హిందీలో అడిగేవాడు. నా వంతు వచ్చేలోపు అరచేతులు బాగా రుద్దుకుని, అటు తిరిగి గబగబా లోతుగా ఊపిరి పీల్చుకునేవాణ్ణి. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ అంకె, కాసేపు పెరిగేది. "ఈ ఎత్తులో ఇది ఫరవాలేదు" అని గైడు ముందుకు వెళ్ళిపోయేవాడు. పొడి దగ్గు మొదలైతే స్లీపింగ్ బ్యాగులో మూతి పెట్టి దగ్గేవాణ్ణి. పరీక్షలో కాపీ కొట్టినా ఇంత తెలివిగా కొట్టి ఉండను.

మూడో రోజు నడకలో మోకాళ్ళ దాకా మంచు. పది అడుగులకోసారి ఆగాల్సి వస్తోంది. ఆగిన ప్రతిసారీ సెల్‌ఫోన్ తీసి ఫోటో తీస్తున్నట్టు నటించాను.

"బావా, ఎన్ని తీస్తావురా! మంచు అంతా ఒక్కలాగే ఉన్నాది కదా" అని గిరి ముందు నుంచి అరిచాడు.

ఆ రాత్రి పడుకుంటే ఊపిరి ఆడలేదు. బ్యాగుకి ఆనుకుని కూర్చునే ఉన్నాను. తెల్లారాక టెంట్ వెనక్కి వెళ్ళి దగ్గి ఉమ్మాను. తెల్లటి మంచు మీద గులాబీ రంగు నురగ పడింది. వంగి చూస్తే అందులో రక్తం కలిసి ఉంది. అయినా నేను చేసిన పనేమిటంటే, బూటుతో పక్క మంచు తోసి దాన్ని కప్పేశాను. అది మామూలు దగ్గు కాదని నాకు తెలుసు. తెలిసే కప్పాను. ఇందులో నాకు అన్నిటికంటే సిగ్గు కలిగించేది ఇదే.

రమణ నా వెనకే వచ్చి నిలబడ్డాడని చూసుకోలేదు.

"ఒరే, ఏటది? ఏటి కప్పుతన్నావు?" అంటూ వచ్చి చేతికర్రతో మంచు గీకాడు. నురగ కనబడింది. నా మఫ్లరు కిందికి లాగి మొహం చూశాడు. "ఓరి బాబో, పెదాలు నీలంగా అయిపోనాయిరా!" అని గైడు కోసం కేక వేశాడు.

గైడు నా వీపుకి చెవి ఆనించి విన్నాడు. లోపల హుక్కా గుడగుడలాడినట్టు చప్పుడు వస్తోందని తర్వాత చెప్పారు. ఆక్సీమీటర్ వేలికి పెట్టాడు కానీ ఈసారి అంకె నాకు చూపించలేదు. "కిందికి. ఇప్పుడే" అన్నాడు. దగ్గరున్న చిన్న ఆక్సిజన్ సిలిండర్ తగిలించారు. నేను నడుస్తానన్నాను. నాలుగడుగులు వేసి మోకాళ్ళ మీద పడ్డాను. గైడు, మా సామాను మోసే ఇద్దరు కూలీలు వంతులవారీగా నన్ను వీపు మీద మోసుకుని దిగారు. నా బ్యాగు, తన బ్యాగు రెండూ రమణే మోశాడు. దారిలో ఒకచోట నా ప్యాంటు తడిసిపోయింది. మోస్తున్న మనిషి ఆగకుండా నడిచాడు. గిరి మొహం పక్కకి తిప్పుకున్నాడు. చెట్లు కనబడే ఎత్తుకి దిగేసరికి ఊపిరి కాస్త తేలికైంది, దాంతో నాకు స్పృహ బాగా వచ్చి సిగ్గు ఇంకా ఎక్కువైంది.

కింద పట్నంలో ఆసుపత్రికి జీపులో చేర్చారు. డాక్టరు గారు పెద్దాయన. చెస్ట్ ఎక్స్-రే వెలుతురుకి పెట్టి, "ఈ తెల్లటి మచ్చలన్నీ నీళ్ళు. హై ఆల్టిట్యూడ్ పల్మనరీ ఎడిమా. హేప్ అంటాం. ఎత్తు పడక ఊపిరితిత్తుల్లో నీరు చేరడం" అన్నారు. "ఎప్పటి నుంచి ఆయాసం?"

"ఈ ఉదయం నుంచి" అన్నాను. ముక్కు మీద మాస్కు పెట్టుకుని కూడా!

రమణ నా వైపు చూడలేదు. డాక్టరు గారితోనే, "వీడు అబద్ధం చెబుతున్నాడు సార్. కనీసం రెండు రోజులైంది" అన్నాడు.

డాక్టరు గారు కోప్పడలేదు. "ఇంకొక్క రాత్రి పైనే ఉండి ఉంటే నా దగ్గరికి రావలసిన పని ఉండేది కాదు" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

ఆక్సిజన్, నిఫెడిపిన్ మాత్రలు, ఈసీజీ. రెండు రోజులకే బాగా తేరుకున్నాను. ఇక డిశ్చార్జి అనుకునేసరికి జ్వరం కాసింది. లంగ్‌లో ఇన్‌ఫెక్షన్ చేరిందని యాంటీబయాటిక్స్ నరంలోకి ఎక్కించారు. గిరి సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. రమణ తన స్కూలుకి ఫోన్ చేసి సెలవు పొడిగించుకుని ఉండిపోయాడు. మంచం దిగొద్దన్న రోజుల్లో బెడ్‌పాన్ తీసింది కూడా వాడే. వాడు దాన్ని తీసుకెళ్తుంటే నేను నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకునేవాణ్ణి. "దిగిపోతానని నాను ముందే అన్నాను కదా" అని ఒక్కసారైనా అంటాడేమోనని చూశాను. అనలేదు. అని ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

ఊరికి వచ్చాక అందరికీ నిమోనియా అని చెప్పాను. విజయనగరంలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి మా అమ్మ తోడొచ్చింది. ఆవిడ టూడీ ఎకో అనే గుండె స్కాన్ తీయించి, "గుండె కుడివైపు ప్రెషర్ కాస్త ఎక్కువ ఉంది. మూడు నెలలు బరువు పనులొద్దు, వల లాగొద్దు. తర్వాత రిపీట్ ఎకో చేద్దాం" అని చెబుతూ, కొండ మీద ఊపిరితిత్తుల్లోకి నీరు ఎలా వచ్చిందో అమ్మకి వివరంగా చెప్పారు. అమ్మ నోట్లో మాట దాగదు. ఆ సాయంత్రానికి ఒడ్డున వలలు బాగుచేసుకునే చోట అందరికీ తెలిసిపోయింది. "సముద్రంలో మునగనోడు కొండెక్కి మునిగినాడటరా!" అని మా చిన్నాన్న అంటే ఒడ్డంతా ఒకటే నవ్వు. నేను ఇంటి వెనక దారిన పోవడం మొదలుపెట్టాను.

నా రోషం అక్కడితో ఆగలేదు. నెల గడవకముందే ఒకరోజు బోటు ఒడ్డు మీదికి తోస్తుంటే నేనూ భుజం పెట్టాను. సగంలోనే కళ్ళు తిరిగి కూలబడ్డాను. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ చీవాట్లు. "మీకు చెప్పింది మీకు అర్థం కావడం లేదా, లేక నచ్చడం లేదా?" అన్నారు డాక్టరమ్మ. అమ్మ ఎదురుగా తల దించుకున్నాను.

ఇదంతా ఒక ఎత్తు, రమణ ఒక ఎత్తు. వాడు ఫోన్ చేస్తే ఎత్తేవాణ్ణి కాదు. ఎలా ఉందిరా అని మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ పంపేవాణ్ణి. వాడి గొంతు వింటే నేను అన్నది, దాచింది, వాడు నాకు చేసింది అన్నీ ఒక్కసారి మీద పడతాయని భయం. కొన్నాళ్ళకి వాడూ ఫోన్ చేయడం మానేశాడు. ఊపిరితిత్తులు బాగవుతున్నాయి కానీ నా చేతులారా స్నేహితుణ్ణి పోగొట్టుకుంటున్నానని తెలుస్తూనే ఉంది.

ఒక మధ్యాహ్నం నాన్న వల కుడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "రమణ నాకు ఫోన్ సేసినాడు. నువ్వు ఎత్తట్లేదట. ఏటి?"

"ఏ మొకం పెట్టుకుని మాటాడను? ఆడిని ఎక్కిరించినాను. నాకొస్తే దాసినాను. బోటు మీద బాగోలేదని ఎవుడైనా సెప్తాడేటి? నాను నేర్సుకున్నది అదే కదా" అన్నాను. కోపంగానే అన్నాను.

నాన్న చేతిలో సూది ఆపాడు. "సెప్పక్కర్లేదురా. మేం సూస్తాం. నువ్వు పదో తరగతి రాసిన ఏడు జెరంతో బోటెక్కినావు. వల పట్టుకున్న నీ సేతులు వణుకుతన్నాయి. ఇంజన్ తేడాగా ఉన్నాదని సెప్పి తిప్పేసినాను. ఇంజనుకేటి, గుండ్రాయిలాగున్నాది. బోటులో అందరికీ తెలుసు. ఎవుడూ నోరిప్పలేదు."

ఆ రోజు ఇంజన్ చెడిందనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. నా కోసం నలుగురి వేట వదులుకుని వెనక్కి వచ్చారని, అది నాకు తెలియకుండా దాచారని నాకు ఇప్పుడు తెలిసింది. ఏడుపు వచ్చేసింది.

"బోటు మీద నువ్వు నోరు మూసుకున్నా సెల్లుతాది. కనిపెట్టుకుని ఉండేవోళ్ళం ఉన్నాం కాబట్టి" అన్నాడు నాన్న. "కొండ మీద మూతి దాకా గుడ్డ సుట్టుకున్నావు. అయినా రమణ సూసినాడు. అలాంటోడి ఫోను ఎత్తవేటిరా?"

అక్కడే కూర్చుని రమణకి ఫోన్ చేశాను.

"బతికే ఉన్నావన్నమాట" అన్నాడు.

"నీకు తలనొప్పి వచ్చిననాడు నాను అన్న మాట తప్పురా" అన్నాను.

"ఆ మాటకి కాదురా నాకు కోపం. రత్తం కక్కి, మంచు కప్పినావు సూడు, అందుకు. నా పక్కన నడుస్తా నడుస్తా నువ్వు పడిపోతే, మీ అమ్మకి నానేటి సెప్పాలిరా?" అన్నాడు. క్షమించమన్నాను. "సరేలే. రిపీట్ ఎకో ఎప్పుడు? నానూ వస్తాను" అన్నాడు.

వచ్చాడు కూడా. రిపోర్టు రాగానే నాకంటే ముందు వాడే కాగితం లాక్కుని, నార్మల్ అని చదివాడు. ఇప్పుడు ఫ్యాక్టరీ పని చేసుకుంటున్నాను, సెలవు రోజుల్లో మళ్ళీ వేటకి వెళ్తున్నాను. ఒకసారి హేప్ వచ్చినవాడికి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువని, డాక్టరుని అడగకుండా ఎత్తైన కొండలెక్కొద్దని చెప్పారు. మేం ముగ్గురం మొన్న మా దగ్గరి రామతీర్థం కొండ గుడికి వెళ్ళాం. ఆ మెట్ల మీద కూడా రమణ తిరిగి తిరిగి నా మొహం చూస్తూనే ఉన్నాడు. సిగ్గు పూర్తిగా పోలేదు. పోవాలని కూడా నేను అనుకోవడం లేదు.

మీలో ఎవరైనా మంచు కొండలకి వెళ్తే నేను చెప్పేది ఒక్కటే. తలనొప్పి గానీ, దగ్గు గానీ, కూర్చున్నా తగ్గని ఆయాసం గానీ వస్తే, ఆ పూటే పక్కవాడికి గట్టిగా చెప్పండి, కిందికి దిగండి. చెప్పినవాడి వల్ల స్నేహితుల ప్రయాణం పాడవుతుంది, అంతే. దాచినవాణ్ణి ఆ స్నేహితులే మోసుకుని దిగాలి.