నాలుగు వైపులా పాలిష్

మా కింది వాటా బాబాయ్‌గారు పోయారు. నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరి మెట్లు దిగుతుంటే పిన్నిగారు గుమ్మంలో నిలబడి, "మీ బాబాయ్ నిద్రలోనే వెళ్లిపోయారమ్మాయ్" అన్నారు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు ఒక్కటే. అయినా సొంత బాబాయ్‌ల దగ్గర కూడా నాకంత చనువు లేదు.

ఆయన సినిమా సెట్ల వడ్రంగి. ప్లైవుడ్డుతో కోటలూ బంగళాలూ కట్టిన మనిషి. రిటైరయ్యాక కూడా ఫిల్మ్‌నగర్‌లోనే ఉండిపోయారు, చెవి మీద పెన్సిలు తియ్యకుండా.

మా ఆయన సరౌండ్ సౌండ్ స్పీకర్లు కొన్నప్పుడు, సోఫా వెనక పెట్టాల్సిన రెండింటికీ స్టాండ్లు లేవు. స్టూళ్ల మీద నా పాఠ్యపుస్తకాలు పేర్చి నిలబెట్టాం. బాబాయ్‌గారు చూసి, "ఛ, తీసెయ్యండి. నేను లేనూ?" అన్నారు. సౌండు చెవి ఎత్తులో రావాలని ఎవరో చెబితే, మా ఇద్దర్నీ పిన్నిగారినీ సోఫాలో కూర్చోబెట్టి నేల నుంచి చెవి దాకా టేపుతో కొలిచారు. తర్వాత ఆయనా ఓ చివర కూర్చుని, "నాదీ కొలువమ్మాయ్, సినిమాకి నేనూ వస్తానుగా" అన్నారు.

వారం తిరక్కుండా స్టాండ్లు వచ్చాయి. ముందు నుంచి చూస్తే అచ్చం పాలరాయి. వెనక పచ్చి ప్లైవుడ్డు, మేకులు, పడిపోకుండా ఓ ఆనింపు కర్ర. ఆయన టీవీ పక్కన నిలబడి, ఒక కన్ను మూసి చూసుకుని, "బ్రహ్మాండం" అన్నారు. తమాషా ఏంటంటే మా వీధి గుమ్మం సోఫా వెనకే ఉంది. కూర్చున్నవాళ్లకి ఆ పాలరాయి కనపడదు, లోపలికొచ్చే ప్రతివాళ్లకీ మేకులు కనపడతాయి.

"వెనకంతా ఇలా వదిలేశారేంటి బాబాయ్?"

"కెమెరా అటు రాదుగా!"

నేను పగలబడి నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. పైగా పాట పెట్టగానే రెండూ గజగజలాడాయి. మా ఆయన ఫోన్‌లో రెడీమేడ్ స్టాండ్లు వెతకడం మొదలుపెట్టారు. అప్పుడు బాబాయ్‌గారు మెల్లగా అన్నారు.

"నలభై ఏళ్లు కట్టానమ్మాయ్. షూటింగ్ అయిన మర్నాడే పడగొట్టేసేవాళ్లు. ఇది నేను చేసిందని మీ పిన్నికి చూపించడానికి ఒక్కటీ మిగల్లేదు. ఇంకోసారి చెయ్యనియ్యి."

నేను మా ఆయన చేతిలోంచి ఫోను లాగేసుకున్నాను.

ఈసారి ఎర్రగడ్డ పాత సామాన్ల బజారుకి వెళ్లి పాత గుమ్మాల టేకు తెచ్చుకున్నారు. నెల పట్టింది. అడుగున వెడల్పాటి పీట, దాని మీద పెట్టెలాంటి నిలువు కాలు, కదలకుండా దాని లోపల ఇసుక. నాలుగు వైపులా పాలిష్, ఆఖరికి పీట అడుగున కూడా. "బోర్లించి ఎవరు చూస్తారు బాబాయ్?" అంటే, "నేను చూశానుగా" అన్నారు.

మొదటి ఆదివారం మధ్యాహ్నం అందరం సినిమాకి కూర్చున్నాం. తెర మీద వాన మొదలైంది. వెనక నుంచి ఆ చప్పుడు వినగానే పిన్నిగారు, "అయ్యో, డాబా మీద బట్టలు!" అంటూ లేచి గుమ్మం దాటేశారు. బయట ఎండ మండిపోతోంది. బాబాయ్‌గారు కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఆయన అంత ఆనందంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఎప్పుడు మా ఇంటికొచ్చినా గుమ్మం దాటగానే స్టాండుని అరచేత్తో ఒక్క తోపు తోసి చూసేవారు. "ఊగితే సెట్టు, ఊగకపోతే ఇల్లు" అనేవారు. ఆ తర్వాతే కాఫీ.

కర్మకాండలన్నీ అయ్యాక నిన్న పిన్నిగారు పైకొచ్చారు. చెప్పులు విడిచి, గుమ్మంలోనే ఆగి, కుడివైపు స్టాండు మీద అరచెయ్యి ఆనించి గట్టిగా తోశారు. నేను కాఫీ గ్లాసుతో ఎదురొచ్చాను.

"ఇల్లేనమ్మాయ్" అన్నారు పిన్నిగారు. వెళ్లి సోఫాలో ఆయన కూర్చునే చివర కూర్చున్నారు.