ఓబులప్పకు ఎవరు చెప్పాలి?

2023 వేసవిలో నేను అనంతపురంలోని ఒక ఆసుపత్రిలో, మగవాళ్ళ సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. కాంట్రాక్టు ఉద్యోగం. ఆ ఏడు ఎండలు త్వరగా ముదిరాయి. వార్డులో మంచాల కంటే మనుషులు ఎక్కువ. ఉదయం డ్యూటీకి ఇద్దరం ఉండాల్సిన చోట చాలాసార్లు నేనొక్కదాన్నే. బుక్కరాయసముద్రం నుంచి ఆటోలో వచ్చి దిగేసరికే ఒళ్ళు అలిసిపోయి ఉండేది.

ఓబులప్పది రాప్తాడు వైపు పల్లె. గొర్రెలు మేపుకునే మనిషి, అరవై దాటి ఉంటాయి. తనకు షుగర్ ఉన్నట్టే ఆయనకు తెలియదు. తుమ్మముల్లు దిగిన పాదం పుండుపడి, వేళ్ళు నల్లబడ్డాక తీసుకొచ్చారు. దాన్ని మేము గ్యాంగ్రీన్ అంటాం. రక్తం అందక కండ చచ్చిపోవడం. అది పైకి పాకకుండా మోకాలి కింద కాలు తీసేయాలని సర్జన్ నిర్ణయించారు.

ఆ ఉదయం ఆయన్ని ఆపరేషన్ థియేటర్‌కు సిద్ధం చేయడం నా పని. గౌను తొడిగి, సెలైన్ సూది పెడుతున్నాను.

“సిస్టరమ్మా, కడిగి కట్టు కట్టేకి మత్తు ఎందుకు? రేపు నేను నడుచుకుంటా ఇంటికి పోవచ్చునా? గొర్లను మా తమ్ముడికి అప్పజెప్పి వచ్చినా, వానికి చేతకాదు” అన్నాడు.

సూది పక్కన పెట్టేశాను. మంచం అవతల ఆయన భార్య రామలక్ష్మమ్మ, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆమెను వరండాలోకి తీసుకుపోయి అడిగాను. చెప్పొద్దని జూనియర్ డాక్టరును తానే బతిమాలుకుందట. ఆయన కూడా హడావుడిలో ఉండి, ఆపరేషన్ అని మాత్రం చెప్పి ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు.

“చెప్తే లేసి పోతాడమ్మా. మా నాయన ఇట్లే పోయి, ఇంట్లోనే పానం ఇడిసినాడు. తీసినంక ఏడ్చుకోనీ. మనిషైతే ఉంటాడు కదా” అంది.

ఆమె మాటలో అబద్ధమేమీ నాకు కనిపించలేదు. నా కష్టమంతా అదే.

రోగి తరఫున నర్సు మాట్లాడాలని, దాన్నే పేషెంట్ అడ్వకసీ అంటారని చదువుకునే రోజుల్లో పరీక్షకు రాశాను. మాట్లాడితే ఏమవుతుందో ఆ పాఠంలో లేదు. అంతకుముందు నాతో పనిచేసిన ఒక సిస్టర్, రౌండ్స్‌లో ఒక మందు డోసు ఎక్కువేమోనని అందరి ముందూ అడిగింది. డోసును మార్చారు. కొన్నాళ్ళకు ఆమెను కూడా మార్చారు, ఎవరూ కోరుకోని వార్డుకు. అది చూశాక మేమంతా నోరు కట్టేసుకున్నాం. నా కాంట్రాక్టు రెన్యువల్ దగ్గర పడుతోంది, ఇంట్లో చదువుకునే పిల్లలున్నారు. పైగా అవతల మంచం మీద ఒకాయనకు సెలైన్ అయిపోవస్తోంది. నేను ఊరుకుంటే తప్పుపట్టేవాళ్ళు ఎవరూ లేరు.

హెడ్ నర్సు విమల సిస్టర్‌కు చెప్పాను. రిటైర్మెంట్‌కు దగ్గరపడిన మనిషి, మాట తక్కువ. అంతా విని, “నువ్వు పోయి సర్జన్‌కు చెప్పు. నీ పక్కన నేను నిలబడతా” అంది. ఆ మాట అనకపోయి ఉంటే నేను వెళ్ళేదాన్ని కాదేమో.

వెళ్ళి చెప్పాను. సర్జన్‌కు కోపం వచ్చింది. థియేటర్ సిద్ధంగా ఉంది, ఆ తర్వాత ఇంకా కేసులున్నాయి, వేలిముద్ర కూడా ఉంది. కాలు తీసేస్తారని రోగికి తెలియదని మీకెలా తెలుసని గద్దించారు.

“రేపు నడుచుకుంటా ఇంటికి పోతానంటున్నాడు సార్” అన్నాను.

విమల సిస్టర్ నా పక్కనుంచి కదల్లేదు.  సర్జన్ వార్డులోకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, ఓబులప్పకు తానే చెప్పారు.

ఓబులప్ప చాలాసేపు తన పాదాన్నే చూసుకున్నాడు. తర్వాత ఇంటికి పోతానన్నాడు. ప్రాణానికే ముప్పని సర్జన్ చెప్పారు, నేనూ బతిమాలాను. ఒకతూరి పోయి వస్తానన్నాడే గానీ వినలేదు. రామలక్ష్మమ్మ మూట సర్దుకుని, నా వైపు చూడకుండా ఆయన వెనకే వెళ్ళిపోయింది.

కొన్ని రోజులకు మళ్ళీ వచ్చేసరికి ఆయన ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. నలుపు పిక్క దాటింది. ఈసారి మోకాలి పైన తీయాల్సి వచ్చింది. బతికాడు. “ఆ రోజే చేసుంటే మోకాలు మిగిలేది సిస్టర్” అన్నారు సర్జన్. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. రామలక్ష్మమ్మ మాత్రం, నువ్వు నోరు మూసుకోనింటే నా మొగునికి మోకాలన్నా ఉండేది అని, వార్డంతా వినేటట్టు అంది. నేను ఆయన గాయానికి కట్టు మార్చాను.

కొన్ని రోజుల తర్వాత, కట్టు కడుతూ ఎందుకు పోయావని ఓబులప్పను అడిగాను.

“కాలు ఉండంగానే గొర్ల ఎంట కొండ దాకా పోవాలనిపించినాదమ్మా. పోయినా. మళ్ళా రాబుద్ధి కాలేదు. తప్పు నాదే. చెప్పకుండా కోసింటే, లేసినంక నేను ఎవర్ని అడుగుదును?”

ఆ మాటతో నా మనసు తేలికపడలేదు. మోకాలున్నవాడికి కృత్రిమ కాలుతో నడవడం ఎంత సులువో, లేనివాడికి ఎంత కష్టమో నాకు తెలుసు. ఇప్పుడాయన చంకకర్ర మీదే నడుస్తున్నాడు. గొర్రెలను తమ్ముడే మేపుతున్నాడు.

నర్సు నోరు విప్పడానికి ధైర్యం కావాలంటారు. నాకు తెలిసినంతలో ధైర్యం చివరి సంగతి. పక్కన నిలబడే మనిషి కావాలి. చెప్పింది విని లేచివచ్చే డాక్టరు కావాలి. అన్నిటికంటే ముందు, రోగి పక్కన కాసేపు నిలబడి ఆయనేమనుకుంటున్నాడో వినే తీరిక కావాలి. మా దగ్గర ఎప్పుడూ లేనిది అదే. ఓబులప్పతో నేను ముందురోజే నాలుగు మాటలు మాట్లాడి ఉంటే, ఆయనకు ఆలోచించుకునే వ్యవధి దొరికేది, ఆయన్ని ఒప్పించుకునే వ్యవధి రామలక్ష్మమ్మకు దొరికేది. ఆ ముందురోజు నేను ఎన్ని మంచాల మధ్య పరిగెత్తానో నాకే గుర్తులేదు.

షుగర్ మాత్రల కోసం ఇద్దరూ ఇప్పటికీ వస్తుంటారు. ఆయన పలకరిస్తాడు. ఆమె పలకరించదు. ఆ కోపం న్యాయమైనదేనని అనుకుంటాను. అలాంటి ఉదయం మళ్ళీ వస్తే నేను మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్తాను. కాకపోతే ఈసారి రామలక్ష్మమ్మ లాంటి మనిషిని వరండాలో వదిలేసి వెళ్ళను, వెంటబెట్టుకుని వెళ్తాను.