తాగని సరంగు

యానాంలో తూలే మనిషిని చూసి ఎందుకు తూలుతున్నావని ఎవరూ అడగరు. అడగాల్సిన పనేముంది? గోదారి అవతల కంటే ఇవతల మందు చవక. ఎదుర్లంక వైపు నుంచి పొద్దుటి లాంచీలో పెద్దమనుషుల్లా దిగినవాళ్ళు సాయంత్రం లాంచీకి నాలుగు కాళ్ళ మీద వస్తారు. వాళ్ళని రెక్క పట్టుకుని బల్ల మీదుగా ఎక్కించి, ఓ మూల కూర్చోబెట్టి, అవతలి రేవులో భద్రంగా దింపడం సరంగు ఇన్నయ్యకి ముప్పై ఏళ్ళుగా అలవాటైన పని. లాంచీ నడపడం సగం, వీళ్ళని మొయ్యడం సగం. అలాంటి ఇన్నయ్యే అరవై నాలుగో ఏట కనకాలపేట వీధిలో తూలితే జనం ఏమనుకుంటారు? అదే అనుకున్నారు.

"సరంగు మళ్ళీ మొదలెట్టేడు."

ఆ 'మళ్ళీ' వెనక ఓ పాత సంగతి ఉంది. వయసులో ఉండగా ఇన్నయ్య తాగేవాడు. అదీ మామూలు తాగుడు కాదు. కూతురు చర్చిలో మొదటిసారి దివ్యసత్ప్రసాదపు అప్పం తీసుకునే రోజున తప్పతాగి గుడికొచ్చి, పీఠం ముందు బోర్లా పడ్డాడు. తెల్లగౌనులో ఉన్న పిల్ల నిలబడి చూసింది. భార్య ఫిలోమినా ఆ రోజు పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు అతను నిద్రలేచాక ఆ తెల్లగౌను తెచ్చి ఒళ్ళో పెట్టింది, అంతే. ఇన్నయ్య దాని మీద చెయ్యేసి ఇక ముట్టనన్నాడు. పంతొమ్మిదేళ్ళు ముట్టలేదు. చలిజ్వరం వచ్చినప్పుడు రెండు చుక్కలు బ్రాందీ వేసుకోమని ఎవరో చెప్పినా వేసుకోలేదు. ఇన్నేళ్ళు చుక్కాని పట్టినందుకు కంటే ఆ మాట తప్పనందుకే అతనికి గర్వం ఎక్కువ. పైకి అనేవాడు కాదు గానీ, తాగినవాళ్ళని బల్ల ఎక్కించేటప్పుడు మొహంలో కనబడిపోయేది.

తూలుడు పంతొమ్మిది వందల ఎనభై నాలుగు వానాకాలంలో మొదలైంది. నూతి దగ్గర కళ్ళు మూసుకుని మొహానికి సబ్బు రాసుకుంటుంటే కాళ్ళ కింద నేల ఎవరో లాగేసినట్టయింది. గట్టు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పైత్యమనుకుని అల్లం నమిలాడు. తగ్గలేదు. పట్టపగలు బాగానే ఉండేవాడు. లాంచీ మీద ఇంకా బాగుండేవాడు. చేతిలో చుక్కాని, కంటి ముందు అవతలి గట్టు ఉంటే ఏ తేడా తెలిసేది కాదు. చిక్కంతా నేల మీదే, అదీ మసక పడ్డాక. ఇసకలో కాలు ఎక్కడ పడుతోందో తెలిసేది కాదు. కాళ్ళు ఎడంగా వేసుకుంటూ, గోడలు తడుముకుంటూ ఇల్లు చేరేవాడు. తాగినవాడు అచ్చం అలాగే నడుస్తాడు మరి.

రేవుని వేలంపాటలో పాడుకున్న లక్ష్మణరావు ఓ రోజు పక్కకి పిలిచి భుజం తట్టాడు.

"తాగితే తాగేవులే ఇన్నయ్యా, ఇక్కడ తాగనోడెవడు? ఆఖరి ట్రిప్పు అయ్యేదాకా ఆగు, చాలు."

"నేను తాగట్లేదు బాబూ."

"అందరూ అదే అంటారు," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఊరు నవ్వితే ఇన్నయ్య ఓర్చుకోగలడు. ఫిలోమినా నమ్మకపోవడమే ప్రాణం మీదికి తెచ్చింది. ఆవిడ నోరున్న మనిషైనా బాగుండేది, ఇద్దరూ అరుచుకుని తేల్చుకునేవాళ్ళు. ఆవిడ అన్నం వడ్డించి, గిన్నె మీద మూత పెట్టి, వసారాలోకి వెళ్ళి కూర్చునేది. చొక్కా ఉతికే ముందు వాసన చూసేది. వాసన రాకపోతే, వాసన రాని రకమేదో బజారులోకి వచ్చిందనుకునేది. సిలువ ముందు ఒట్టేస్తానన్నాడు ఇన్నయ్య.

"వద్దు. ఒట్టు కూడా ఎందుకు పాడుచేత్తావు," అంది.

ఆ మాటకి ఇన్నయ్యకి ఏడుపొచ్చింది. పంతొమ్మిదేళ్ళ మాట కొన్ని నెలల్లో బూడిదలో పోసిన పన్నీరైపోయింది. మర్నాడు పంతం పట్టాడు.

"కాకినాడ ఎల్దాం రా. పొద్దున్న లేచిన కాడ్నించి నన్నే కనిపెట్టుకునుండు. నా నోట్లోకి ఏం పోతందో నువ్వే చూడు. అప్పుడు డాక్టరు గారేమంటారో ఇందాం."

ఆవిడ నిజంగానే కాపలా కాసింది. పళ్ళు తోముకుంటుంటే ఎదురుగా కూర్చుంది. దొడ్లోకి వెళ్తే తడిక ఇవతల నిలబడింది. బస్టాండులో సోడా కొంటే ముందు తనో గుక్క తాగి చూసి ఇచ్చింది.

తూలుడని చెప్తే ఆసుపత్రివాళ్ళు చెవి డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన, ఉమామహేశ్వరం గారు, తల నెరిసిన మనిషి, నిదానస్థుడు. చెవుల్లో లైటు వేసి చూసి, పాదాలు రెండూ దగ్గరగా పెట్టి నిలబడమన్నారు. ఇన్నయ్య గుంజలా నిలబడ్డాడు. కళ్ళు మూసుకోమన్నారు. మూడు లెక్కపెట్టేలోపు మనిషి పక్కకి ఒరిగిపోయాడు. డాక్టరు గారి చెయ్యి కంటే ముందు ఫిలోమినా చెయ్యే అందుకుంది. తర్వాత మెత్తటి దిండు మీద నిలబెట్టారు. కళ్ళు తెరిచి ఉంటేనే ఊగాడు, మూస్తే అసలాగలేదు. పొద్దుట్నించీ ఇడ్లీ, సోడా తప్ప ఇంకేమీ లోపలికి పోలేదని ఫిలోమినాకి తెలుసు. అయినా ఆవిడ మొహం ఇంకా బిగుసుకునే ఉంది. నెలల అనుమానం నిమిషాల్లో దిగదు కదా.

అప్పుడు మంచం మీద పడుకోబెట్టి, తల కాస్త ఎత్తుగా పెట్టి, సిరంజితో చెవిలోకి చన్నీళ్ళు వదిలారు.

"ఇలా చేస్తే ఎవరికైనా కాసేపు గది గిర్రున తిరగాలి. కళ్ళు వాటంతటవే కొట్టుకోవాలి," అని అతని కళ్ళలోకి చూస్తూ గడియారం పట్టుకున్నారు. "తిరుగుతోందా?"

"లేదండి. సల్లగా ఉందండి."

రెండో చెవీ చూశారు. వేణ్ణీళ్ళు కూడా పోసి చూశారు. ఇన్నయ్య కళ్ళు మొహమాటానికన్నట్టు కొంచెం కదిలి ఊరుకున్నాయి.

ఫిలోమినా లేచి నిలబడింది. "ఇదేం పరీచ్చండి? చెవులో నీళ్ళు పోత్తే గది తిరుగుద్దా? ఏదీ, నాకు పొయ్యండి చూద్దాం."

"మీకు తిప్పుతుందమ్మా. వాంతి కూడా రావచ్చు."

"రానివ్వండి."

డాక్టరు గారు నవ్వి, ఆవిడ చెవి కూడా లైటు వేసి చూసి, సరేనన్నారు. అర నిమిషం గడిచిందో లేదో ఫిలోమినా రెండు చేతుల్తో మంచం అంచు పట్టేసింది. గదీ, డాక్టరూ, గోడ మీద కేలండరూ కలిసి ఓ పక్కకి పరుగెత్తాయి. "ఇన్నయ్యా" అని అరిచింది. పెళ్ళయిన నలభై ఏళ్ళలో మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదలు. పొద్దున తిన్న ఇడ్లీలు బేసినులోకి వచ్చేశాయి.

ఆవిడ తేరుకున్నాక డాక్టరు గారు అన్నారు. "మీ ఆయనకీ ఇలాగే రావాలమ్మా. రాలేదు. చెవి లోపల మూడు సన్నటి వంపు గొట్టాలుంటాయి, వాటిలో నీరుంటుంది. మనం తల కదిపితే ఆ నీరు కదులుతుంది. లోపల వెంట్రుకల్లాంటివి ఉండి ఆ కదలిక కనిపెట్టి మెదడుకి చెప్తాయి. వయసు మీద పడ్డాక నెత్తిన జుట్టు పల్చబడ్డట్టే అవీ తగ్గిపోతాయి. అందరికీ తగ్గుతాయి, ఈయనకి మరీ తగ్గాయి. ఇప్పుడు ఈయన్ని నిలబెడుతున్నవి కళ్ళూ కాళ్ళూ మాత్రమే. చీకట్లో కళ్ళు పనిచెయ్యవు, ఇసకలో కాళ్ళకి పట్టు తెలియదు. తూలక ఏం చేస్తాడు?"

"మాత్రలేవైనా..." అంది ఫిలోమినా.

"మాత్రల్లేవు. బొటనవేలు చూస్తూ తల తిప్పే కసరత్తు చెప్తాను, కొంత గుణం ఉంటుంది. చేతికర్ర, టార్చిలైటు ఉంచుకోండి. నీళ్ళ మీద పని మాత్రం మానెయ్యాలి."

"నాకు ఈతొచ్చండి," అన్నాడు ఇన్నయ్య.

"వచ్చు. బురదనీళ్ళలో మునిగితే కంటికేం కనబడదు. ఏది పైనో ఏది కిందో చెప్పాల్సింది ఆ చెవే. పైకొస్తున్నాననుకుని అడుక్కి ఈదుతారు."

అదంతా చీటీ మీద రాసిచ్చారు. తిరుగు బస్సు నీలపల్లి దాటాక ఫిలోమినా అతని చెయ్యి పట్టుకుని, "తప్పయిపోయింది," అంది. ఇన్నయ్య కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు.

కానీ ఆ చీటీ రేవులో చూపిస్తే చుక్కాని పోతుంది. తాగే సరంగుని ఏ పాటదారైనా పెట్టుకుంటాడు. చెవి పోయిన సరంగుని ఎవడూ పెట్టుకోడు. గోదారి మీద లేని రోజున ఇన్నయ్య ఎలా ఉంటాడో ఫిలోమినాకి తెలుసు.

"సెప్పకు," అంది ఆవిడే. "తాగుతున్నాడనే అనుకోనీ. నాకు తెలుసు కదా, చాలు."

మూడు నెలలు అలాగే నడిచింది. ఇన్నయ్య స్టూలు మీద కూర్చుని చుక్కాని పట్టేవాడు. మసక పడితే తాళ్ళు కట్టే కళాసీని పక్కన నిలబెట్టుకునేవాడు. ఫిలోమినా రోజూ టార్చి పట్టుకుని రేవుకొచ్చి ఇంటికి తీసుకెళ్ళేది. ఓ శనివారం ఇన్నయ్యకి అనుమానం వచ్చింది. నెలకోసారి ఫాదరు గారి దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళే మనిషి వారం వారం ఎందుకు వెళ్తోందని అడిగాడు.

"అబద్ధం ఆడుతున్నా కదా," అంది ఆవిడ, బియ్యం ఏరుకుంటూ. "గుడి కాడ చిట్టెమ్మా వాళ్ళూ జాలిపడతారు, ఈ వయసులో నీకేంటమ్మా ఈ కర్మ అని. అవునమ్మా, ఏం చేత్తాం, తాగుతున్నాడు అంటన్నా. అదే ఫాదరు గారి కాడ చెప్పుకుంటన్నా. మానెయ్యమ్మా అంటారాయన. ఎలా మానేది?"

 పంతొమ్మిదేళ్ళు ఇన్నయ్య మాట మీద నిలబడ్డది ఈవిడ నలుగురిలో తలెత్తుకు తిరగాలనే. ఇప్పుడు తను చుక్కాని పట్టుకుని కూర్చోడానికి ఆవిడ తల దించుకుని, వారం వారం మోకాళ్ళ మీద కూర్చుంటోంది. ఇంతకంటే సిగ్గుమాలిన పని తాగిన రోజుల్లో కూడా చెయ్యలేదనిపించింది.

ఎండ ఉండగానే రేవుకెళ్ళి చీటీ లక్ష్మణరావు చేతిలో పెట్టాడు. "నేను తాగట్లేదు బాబూ. చెవి పోయింది. ఇందులో అంతా ఉంది."

లక్ష్మణరావు రెండుసార్లు చదివాడు. మడిచి తిరిగి ఇచ్చేశాడు.

"తాగుతున్నావనేగా ఉంచేను ఇన్నయ్యా. ఇప్పుడెలా ఉంచేది?"

సాయంత్రం ట్రిప్పుకి వేరే సరంగుని పిలిపించాడు. అతను పక్కనించి వెళ్తుంటే సారా వాసన గుప్పుమంది. లక్ష్మణరావు అతన్నేమీ అనలేదు. లాంచీ కదిలి వెళ్ళిపోయింది. ఇన్నయ్య గట్టు మీద కూర్చుని, అది అవతలి రేవు చేరేదాకా చూశాడు.

మసక పడుతుండగా ఫిలోమినా వచ్చింది. అతను గట్టు మీద ఉండటం చూసి ఆగిపోయింది.

"చెప్పేసేవా?"

"చెప్పేసేను."

"ఎందుకు చెప్పేవు? నేనడిగేనా నిన్ను?" అని ఏడ్చింది. ఇన్నయ్య లేచి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ మెల్లగా నడిచారు. కనకాలపేట మొదట్లో ఇసక దగ్గర ఇన్నయ్య బాగా తూలాడు. అరుగు మీద కూర్చున్న చిట్టెమ్మ చూసి నిట్టూర్చింది.

"ఇయ్యాల కూడానా, ఫిలోమినా?"

ఫిలోమినా నిలబడిపోయింది. పైటతో మొహం తుడుచుకుంది.

"మా ఆయన తాగడు," అంది, వీధి చివరిదాకా వినబడేలా.