తురాయి చూసి పుంజన్నాను

గుమ్మం దగ్గర నిలబడితే ఏం వినబడుతుందమ్మా, చాప మీదికి జరిగి నా పక్కన కూర్చోండి. మా తెల్లకోడి సంగతి చెబుతాను. నేను చదివింది ఐదో తరగతి. చదివినవన్నీ పోయాయి గానీ, చూసినవి ఒక్కటీ మర్చిపోలేదు.

అప్పుడు మేం హిందీవాళ్ళ మధ్య, మునిర్కాలో ఉండేవాళ్ళం. మెట్రో ఇంకా అటు రాలేదు. మా ఆయన తెలుగు పిల్లలు తినే మెస్సులో వంట చేసేవారు. మాది కింద గది. గది ముందు కాస్త ఖాళీ జాగా, దాన్ని అక్కడివాళ్ళు ఆంగన్ అంటారు. ఆ జాగాకి అటుపక్క ఇంటిగలాళ్ళు, ముసలి మొగుడూ పెళ్ళాం. ఆవిడని అందరం దాదీ, అంటే నాయనమ్మా, అనేవాళ్ళం. పెద్దాయనకి గుండె జబ్బు. రాత్రంతా ఆయాసంతో కూర్చుని ఉండేవారు, తెల్లారగట్ల మూడింటికో నాలుగింటికో కాస్త కన్నంటేది.

మా అమ్మాయి ఒకటో తరగతి చదివేది. హోలీ అయిన వారంలో, సైకిల్ మీద బుట్టలో కోడిపిల్లల్ని పెట్టుకుని ఒకడొచ్చాడు. ఆకుపచ్చ, గులాబీ, నీలం, అన్నీ రంగులద్దినవే. మా పిల్ల ఏడ్చి ఏడ్చి మూడు కొనిపించింది. వాటిలో రెండు, వారం తిరక్కుండానే చచ్చిపోయాయి. గులాబీది మిగిలింది. నెల తిరిగేసరికి ఆ రంగు పోయి తెల్లటి ఈకలొచ్చాయి.

దాదీ అది పెరగడం చూస్తూనే ఉంది. ఒకరోజు మంచం మీద కూర్చుని, బహూ, అంటే కోడలా, అని పిలిచింది. హిందీలోనే అంది, నేను మన మాటల్లో చెబుతున్నాను.

"చూడు బహూ, ముర్గీ అయితే ఉండనీ. ముర్గా అయితే మాత్రం వద్దు. నాలుగింటికి అది మొదలెట్టిందంటే ఈయనకి ఆ గంట నిద్రా ఉండదు."

"అలాగే దాదీ. పుంజయితే నేనే పంపించేస్తాను," అన్నాను.

"ఏది ఏదో నీకు తెలుస్తుందా? గేదె అయితే నేను చెప్పేదాన్ని. ఈ రెండు కాళ్ళవాటి సంగతి నాకు తెలీదు."

నాకు తెలీకపోవడమేంటి! మా ఊళ్ళో మూడు వీధుల వాళ్ళు పిల్లల్ని గంపలో పెట్టుకొచ్చి మా అమ్మని అడిగేవారు, ఏది పెట్ట, ఏది పుంజు అని. అమ్మకి పని ఉంటే నేనే చెప్పేదాన్ని. ఆ గర్వం ఉంది నాకు. అందుకే దాదీ అడిగితే నవ్వాను.

ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. కోడికి నెత్తిన తురాయి లేచింది. మామూలుగా కాదు, అరచేతిలో పట్టే మందారమంత, ఎర్రగా. మా ఊరి పెట్టలకి తురాయంటే వేలి గోరంత, అదీ ఉందో లేదో అన్నట్టు. ఇంకేముంది, పుంజే అనుకున్నాను. పై గదిలో సివిల్స్‌కి చదివే తెలుగమ్మాయి ఉండేది. తను ఇంటర్నెట్ సెంటర్లో చూసొచ్చి చెప్పింది.

"ఆంటీ, ఫారాల్లో పెట్టల్ని ఉంచుకుని పుంజుల్ని ఏరేస్తారట. రంగులేసి అమ్మేవి అవేనట."

మా ఆయన అన్నం తింటూ అన్నారు, "పెట్టయితే గుడ్డు, పుంజయితే పులుసు. మనకేం నష్టమే?"

మా అమ్మాయి కంచం వదిలేసి లేచిపోయింది. వెళ్తూ వెళ్తూ, "పాపా, వో లడకీ హై," అంది, నాన్నా అది ఆడపిల్ల అని. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది అది.

"నీకేం తెలుసే, నేను చూడని కోళ్ళా?" అన్నాను నేను.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున్న పిల్ల బడికి వెళ్ళగానే, కోడి గోడెక్కి గొంతెత్తి అరిచింది. పొడుగ్గా, బొంగురుగా. గదిలో పెద్దాయన దగ్గు వినబడింది. దాదీ బయటికొచ్చి నా వంక చూసి, వెనక్కెళ్ళి గది తలుపు వేసుకుంది.  అంతకుముందు రెండు ఇళ్ళు ఖాళీ చేశాం మేము, వంట వాసనని ఒకరు, నీళ్ళెక్కువ వాడుతున్నామని ఒకరు పొమ్మంటే. ఈవిడ ఒక్కతే మమ్మల్ని మనుషుల్లా చూసింది. ఇచ్చిన మాట ఉంది.

పిల్ల బడినించి వచ్చేలోపే పని అయిపోవాలనుకున్నాను. కోడిని కూరగాయల సంచిలో పెట్టాను, తల బయటికి. సందు చివర చికెన్ కొట్టుకి బయల్దేరాను. ఎక్కడైనా పెంచుకునే వాళ్ళకి ఇమ్మని కొట్లో ఉండే భయ్యాని అడుగుదామని నా మనసులో. కోడిని కొట్టుకి పట్టుకెళ్తూ ఆ మాట అనుకోవడం నన్ను నేను మోసం చేసుకోవడమే. నాకూ తెలుసు. దారంతా అది సంచిలోంచి నా మొహంలోకే చూసింది.

కొట్టు భయ్యా దాన్ని చేతిలోకి తీసుకుని అడిగాడు. "ఎందుకు ఇచ్చేస్తున్నారు దీదీ?"

"పుంజు. ఇంటావిడ వద్దంది."

"పుంజని ఎవరు చెప్పారు?"

"నేనే."

"మీకెవరు చెప్పారు?"

"తురాయి కనబడటంలా?"

అతను పక్క బోను చూపించాడు. గుడ్లుడిగిపోయిన ఫారం పెట్టలున్నాయి అందులో, అన్నీ తెల్లవే. అన్నిటికీ ఇంతేసి తురాయిలు, ఓ పక్కకి ఒరిగి కళ్ళ మీద పడుతున్నాయి. తర్వాత మా కోడి మెడ మీద ఈక ఒకటి పైకి ఎత్తి పట్టాడు.

"మగదానికి ఇక్కడ ఈక చివర సూదిలా ఉంటుంది. తోక మొదట్లో దారాల్లా వేలాడతాయి. దీనికి చూడండి, గోరులా గుండ్రంగా లేదూ?" తోక కింద ఎముకల మధ్య వేళ్ళు పెట్టి చూశాడు. "రెండు వేళ్ళు పట్టాయి. ఇంత సందుంటే గుడ్డు పెట్టే రోజు దగ్గరికొచ్చినట్టే. అందుకే తురాయి అంత ఎర్రబడింది, అందుకే అరుస్తోంది. తీసుకెళ్ళండి. నేను కొయ్యను."

అక్కడే అరుగు మీద కూలబడ్డాను.  మెడ ఈకల సంగతి మా అమ్మ నాకు చెప్పిందే. తురాయి చూడగానే ఇక ఈకల దాకా పోలేదు నేను. నాటుకోళ్ళ లెక్కతో ఫారం కోడికి తీర్పు చెప్పేశాను. ఆ ఫారంలోనూ ఎవరో తొందరలో నాలాగే పొరబడి, దీన్ని పుంజుల బుట్టలో పడేసి ఉంటారు.

ఇంటికొచ్చి దాదీకి చెప్పాను. ముందు నమ్మలేదు. ఈకలు చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నా జన్మలో నేను గేదెని చూసి దున్న అనలేదే బహూ."

పడాల్సిన మాటే, పడ్డాను. ఆ మాట ఎంత చల్లగా ఉందో చెప్పలేను.

పిల్లకి దాచలేదు. పుంజనుకుని ఇచ్చేయబోయానని చెప్పేశాను. అది ఏడవలేదు. కోడిని నా చేతుల్లోంచి తీసుకుంది, రెండు రోజులు దాన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు. మూడో రోజు కోడికి వేసే నూకల గిన్నె తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అంటే నన్ను మన్నించిందని అర్థం.

తర్వాత కోడి వారం లోపలే గుడ్డు పెట్టింది, పాత బకెట్‌లో. దాదీ వాళ్ళు గుడ్డు తినరు. అయినా ఆ వెచ్చటి గుడ్డుని ఆవిడ కాసేపు అరచేతిలో పట్టుకుని, పెద్దాయనకి చూపించి తెచ్చింది. ఆయన ఆ తెల్లవారుజామున బాగా నిద్రపోయారట.

మీ ఇల్లూ అలాగే చల్లగా ఉండాలి తల్లీ. జబ్బుపడ్డవాళ్ళకి కంటినిండా నిద్ర పట్టాలి. మీ పిల్లలు అలిగినా మూడో రోజుకి మీ ఒళ్ళోకి రావాలి. మీ గడపలో ఉన్న ఏ ప్రాణమూ ఎవరి తొందరకీ బలి కాకూడదు.