సావుకారి ఇంట్ల దంపుడు బియ్యం

నిజాం సర్కారు పోయిన మరుసటేడు మిర్యాలగూడల మా వాడ పక్కనే ఒక సావుకారి బియ్యం మిల్లు పెట్టిండు. అప్పటిదాంక నేనూ మా అత్తా ఇంటింటికి పోయి వడ్లు దంచి బతికేటోళ్లం. మిల్లు నడిచిన నెలకే మా రోకళ్లు మూలకు పడ్డయి. ఇగ రెండు పూటలా జొన్న గట్కనే.

సావుకారి ఇంట్ల మాత్రం మూడు పూటలా మల్లెపువ్వసొంటి అన్నం. వచ్చినోళ్లందరికి ఆయన అరచేతుల బియ్యం పోసుకొని, ఎక్కడన్న ఇంత మసక ఉందేమో సూడుమనేటోడు.

ఏడాది తిరగకముందే ఆయన కాళ్లు తిమ్మిరెక్కి వాచినయి. ఒకనాడు ఒంటిచెప్పుతోని మిల్లు దాంక నడిచొచ్చిండు. రెండోది ఊడిపోయింది తెల్వలేదు ఆయనకు. చెప్పే ధైర్యం ఎవ్వరికి లేకపాయె. సూర్యాపేట వైద్యుడు నీరసమని చెప్పి ఇంకింత అన్నం, నెయ్యి తినుమన్నడు. తిన్నడు. కాళ్లు ఇంకింత వాచినయి.

ఆఖరికి కోదాడ తీస్కపోయిండ్రు. అక్కడి డాక్టరు యుద్ధంల బర్మా, మలయా తిరిగొచ్చిన ఆంధ్రాయన. మీరు తినే బియ్యం ఎక్కడివని అడిగిండట. నా మిల్లువే అన్నడట సావుకారి గర్వంగ. ఆ దేశాలల్ల గూడ తెల్లబియ్యం తినేటోళ్లు గిట్లనే మంచం పట్టిండ్రని, సత్తువంత తవుడుల పోతదని డాక్టరు చెప్పిండు.

"మీ గేదెలు బాగానే ఉన్నాయి కదండీ? తవుడు వాటికి పోతోంది మరి. ఇకనించి దంపుడు బియ్యమే తినండి."

ఈ ముచ్చటంత సావుకారమ్మనే మమ్మల్ని పెరట్లకు పిలిచి చెప్పింది. మిల్లు యజమాని దంపుడు బియ్యం తింటున్నడని తెలిస్తే వడ్లెవరు తెస్తరని ఆమె రంది. అందుకే మిల్లు ఇంజను మోగుతున్నప్పుడే దంచుమన్నది. ఇంజను ఆగితే రోకలి పైకెత్తి అట్లనే నిలబడేటోళ్లం.

కూలి కింద ఏం కావాలంటే, మా అత్త తెల్లబియ్యం అడిగింది. నేను ఇంటికొచ్చినంక, ఆయన్ని పడగొట్టింది గవే గదా అన్న.

"ఆయన మూడు పూటలా తిన్నడు," అన్నది అత్త. "మనకు ఒక్క పూటకే ఎల్తయి. మనకేం కాదు తియ్."

రెండు నెలలకు సావుకారి కాళ్లు మామూలైనయి. కోదాడ సూదిమందు మహిమ అని ఊరంత చెప్పుకున్నడు. అది నమ్మి, కాళ్లు వాచిన ఇంకో ఇద్దరు సావుకార్లు కోదాడ పోయొచ్చిండ్రు. వారం తిరక్కముందే వాళ్ల పెరళ్లల్లకు గూడ మాకు పిలుపొచ్చింది.

అత్త ఆ తెల్లన్నం వాకిట్ల కూసోని తినేది, దారిన పోయేటోళ్లకు కనబడాలని. నేనూ తిన్న. నిజం చెప్పాలంటే, గట్క కంటె బాగుండె.